మోకాళ్ల మధ్య రెండు వేళ్ల సందు

ఉత్తరాది మంచుసీమలో తైవల్కోస్కి ఊరు దాటి కూసమో పట్నం వైపు ముప్ఫై కిలోమీటర్లు వచ్చాక, రోడ్డుకు అడ్డంగా పదకొండు రెయిన్‌డీర్లు నిలబడి ఉన్నాయి. మార్చి నెల, మిట్టమధ్యాహ్నం. రెండు పక్కలా నడుమెత్తున పేరుకున్న మంచు ఎండకి కళ్లు తెరవనీయడం లేదు. పిహ్లా మాట్టా కారు ఆపి హారన్ కొట్టింది. ఒక్కటీ కదల్లేదు. హారన్ వినబడితే వెనకాల ఎవర్నో పిలుస్తున్నారనుకుంటుందే తప్ప తననేనని రెయిన్‌డీరు ఎన్నడూ అనుకోదు. ఈ గుణం కొందరు పెద్ద ఆఫీసర్లలోనూ ఉంటుంది గానీ, వాళ్లకి కొమ్ములు బయటికి కనబడవు.

చేసేది లేక పిహ్లా కారు దిగింది. చేతులు ఊపింది, అదిలించింది. ముందున్న ఆడ రెయిన్‌డీరు ఒకసారి ఆమెను పైనుంచి కిందికి చూసి నెమరు వేసుకుంటూ ఉండిపోయింది.

అప్పుడు మంద వెనకాల నుంచి ఒక ముసలావిడ వచ్చింది. నిలబడి ఒంటికాలితో తన్నుకుంటూ పోయే మంచుబండి ఒకటి పక్కన ఈడ్చుకొస్తోంది. దాని కింది కమ్మీ ఒకటి విరిగి వేలాడుతోంది. ఆవిడ ముందున్న జంతువు చెవి దగ్గర ఏదో గొణిగింది. అది పక్కకి తప్పుకుంది, వెనకే తక్కినవీ తప్పుకున్నాయి.

"ఎడమదా?" అని అడిగింది ముసలావిడ.

"ఏమిటండీ?"

"మోకాలు. కారులోంచి దిగుతుంటే చూశా. కుడికాలు నీదే, ఎడమకాలు మాత్రం పక్కింటివాళ్లు అప్పజెప్పి వెళ్లినట్టు దింపావు."

పిహ్లా తన ఎడమకాలి వైపు చూసుకుంది. "మీరు డాక్టరా?"

"సైమి కల్లుంకి. నన్ను మీరూ గీరూ అనకు పిల్లా, నా వెనకాల ఇంకెవరో నిలబడ్డారని భయమేస్తుంది. బండి విరిగింది. మా ఇల్లు నీ దారిలోనే."

అది అడగడమూ కాదు, చెప్పడమూ కాదు. పిహ్లా ఇంకా ఆలోచిస్తుండగానే మంచుబండి కారు డిక్కీలో స్కీల పక్కకి చేరింది. సైమి వెనక తలుపు తీసింది. ముందు సీటు నిండా బూట్లూ హెల్మెట్టూ ఉన్నాయి. వెనక సీటు సంగతీ అంతే, కాకపోతే అక్కడున్నవన్నీ ఒకే జాతివి: రెండు పక్కలా ఇనుప కమ్మీలూ మడతబందులూ ఉన్న పెద్ద మోకాలి బ్రేస్ ఒకటి, తాబేలు డిప్పల్లాంటి ప్యాడ్లు ఒక జత, మెత్తటి ప్యాడ్లు మరో జత, సన్నటి నీక్యాపులు మూడు జతలు. సైమి వాటిని ఒక్కొక్కటే ఒళ్లోకి తీసుకుని మధ్యలో సర్దుక్కూర్చుంది.

"నీకు మోకాళ్లెన్ని?"

"రెండే."

"చెప్పకపోతే జెర్రివనుకునేదాన్ని."

పిహ్లా నవ్వలేదు. ఆ రోజు ఆమె నవ్వే స్థితిలో లేదు. మర్నాడు పదకొండు గంటలకి కూసమో అవతలి కొండ మీద స్కీ జట్టు ఎంపిక. నాలుగు స్థానాల్లో మూడు అయిపోయాయి. మిగిలిన ఒక్కదానికి తొమ్మిదిమంది. పిహ్లాకి ఇరవయ్యేడేళ్లు. ఎడమ మోకాలికి ఆపరేషన్ జరిగి రెండేళ్లయింది. ఈసారి తప్పితే మళ్లీ ఏడాది ఆగే ఓపిక కోచ్‌కీ లేదు, ఆమెకీ లేదు.

ఆమె ఆడేది ఫ్రీస్టైల్ స్కీయింగ్‌లో బుడిపెల పరుగు. కొండవాలు పొడుగునా పడుకున్న ఆవుల వీపుల్లా మంచు బుడిపెలు లేపుతారు. వాటి మీదుగా గిరగిర మలుపులు తిరుగుతూ, దారిలో రెండుసార్లు గాల్లోకి లేచి పల్టీ కొట్టి, అర నిమిషంలో అడుక్కి చేరాలి. వేగానికి కొన్ని మార్కులు, ఎగిరినందుకు కొన్ని. సగానికి పైన మాత్రం మలుపులకి, అంటే మోకాళ్లకి. రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఒకేసారి లేవాలి, ఒకేసారి దిగాలి. కింద కూర్చున్న జడ్జీలకి దూరం నుంచి అవి కనబడాలని ఈ ఆటవాళ్లు ప్యాంటు మోకాళ్ల మీద వేరే రంగు గుడ్డ కుట్టించుకుంటారు. లోకంలో ఎవరైనా మోకాలి దగ్గర మాసిక పడితే దాచుకుంటారు, వీళ్లొక్కళ్లే ఎర్రగుడ్డ వేసి మరీ చూపించుకుంటారు.

పిహ్లా చిక్కు అక్కడే ఉంది. బ్రేస్ లేకుండా దిగడానికి వీల్లేదని ఫిజియో తెగేసి చెప్పాడు. బ్రేస్ వేస్తే లోపలివైపు కమ్మీ అడ్డొచ్చి రెండు మోకాళ్ల మధ్య రెండు వేళ్ల సందు వస్తోంది. గత రెండు పోటీల్లోనూ జడ్జీలు ఆ సందుకే మార్కులు కోసేశారు. అందుకని కనబడిన దుకాణమల్లా తిరిగి ఇన్ని రకాలు కొనుక్కొచ్చింది. ఇవాళ సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి: అందంగా దిగి మళ్లీ కాలు విరగ్గొట్టుకోవడమా, క్షేమంగా దిగి ఇంటికి పోవడమా.

ఇదంతా పరిచయం లేని మనిషికి ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి మనిషి మనసు విప్పుతాడు, మొహం కనబడదు కదా. అన్నీ విని సైమి "ఇక్కడ ఎడమకి తిప్పు" అంది. కాసేపాగి, "కాఫీ తాగుతావా?" అంది. ఆ ప్రాంతంలో ఈ ప్రశ్నకి వద్దన్న జవాబు లేదు.

*

సైమి ఇల్లు సరస్సు ఒడ్డున ఉంది. అప్పుడు సరస్సంతా గడ్డకట్టి పొలంలా ఉంది. ఇంటికి ఎదురుగా యాభై అడుగుల దూరంలో ఆవిరిస్నానాల సౌనా గది, దానికి పోయే బాట. వంటింట్లో పాత కుట్టుమిషను. దాని పక్క గోడకి తోలుపట్టీలు, వేళ్లంత సూదులు, నొక్కి గట్టిపరిచిన ఉన్నిగుడ్డ చుట్టలు.

సైమి తండ్రి రెయిన్‌డీర్లకి మెడపట్టీలు కుట్టేవాడు. సైమి తొమ్మిదో ఏట మొదటి పట్టీ కుట్టింది. పాలలారీ నడిపే అర్వోని పంతొమ్మిదో ఏట పెళ్లాడింది. అతను మంచి మనిషి, మాట తక్కువ. ఇరవయ్యారేళ్ల కాపురంలో అన్న మాటలన్నీ పోగేస్తే ఒక మధ్యాహ్నానికి సరిపోతాయని ఆవిడే చెబుతుంది. అర్వో పోయాక కూడా ఆవిడ కుట్టుపని మానలేదు. మంచు మోటారుబండ్లొచ్చి రెయిన్‌డీర్లతో బరువు లాగించడం మానేశాక, వచ్చినవాళ్లకి పని ప్యాంట్లు కుట్టిపెట్టింది. వేసవిలో సరస్సు రేవు మీద మోకాళ్లూని పేలికల జంపఖానాలు పైన్‌చెట్టు తారు సబ్బేసి తోమింది, ఊళ్లోవాళ్లవి కూడా. ఆ మోకాళ్ల నొప్పే ఆవిడకి మోకాలి మెత్తలు కుట్టడం నేర్పింది. ఎముక మీద మెత్త పెట్టకూడదు, ఎముక చుట్టూ పెట్టాలి. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి ఆవిడకి పదిహేను వేసవులు పట్టింది. శాస్త్రాలు రాసినవాళ్లు గుండె గురించి రాశారు, తలకాయ గురించి రాశారు, నాభి గురించి కూడా రాశారు. మోకాలిని మటుకు ఎవరూ పట్టించుకోలేదు. మనం కూడా బోడిగుండుకి ముడిపెట్టాల్సి వచ్చినప్పుడు తప్ప దాన్ని తలుచుకోం.

ఊళ్లో ఒక కథ చెబుతారు. ఎప్పుడో ఒక స్కీ కుర్రాడి ప్యాంటు చిరిగితే సైమి పాత ఎర్ర తెరగుడ్డ వేసి కుట్టిందట, అది చూసే ప్రపంచమంతా మోకాళ్లకి రంగుగుడ్డలు మొదలెట్టిందట. ఎవరైనా అడిగితే సైమి "ఒట్టి కోతలు" అంటుంది. "అప్పటికే అందరూ వేసుకుంటున్నారు. నేను వేసింది ఎర్రది కూడా కాదు."

కాఫీ రెండో కప్పు దగ్గర పిహ్లా అసలు మాట బయటపెట్టింది.

"సైమీ, నాకో పని చేసిపెడతావా? ప్యాంటు మీద ఈ ఎర్రగుడ్డలు విప్పి, కొంచెం లోపలికి జరిపి కుట్టు."

"ఎంత లోపలికి?"

"రెండు వేళ్లు."

సైమి ఎగాదిగా చూసింది. నీతులు చెప్పలేదు. గుడ్డలు విప్పి, లోపలికి జరిపి, గుండుసూదులు గుచ్చింది. బ్రేస్ మీద ప్యాంటు తొడుక్కోమంది. నిలువుటద్దం ముందు పీట వేసి ఎక్కమంది.

అద్దంలో చూసుకుని పిహ్లా మొహం విప్పారింది. రెండు ఎర్రగుడ్డలూ కవలపిల్లల్లా అతుక్కుని ఉన్నాయి.

"చూశావా?"

"చూశా. ఇప్పుడు వంగు."

పిహ్లా స్కీ మీద వంగినట్టు వంగింది. ఎర్రగుడ్డలు రెండూ కాళ్ల మధ్యకి దొర్లి, తొడల వైపు ఎగబాకి, ఒకదాన్నొకటి మెల్లకన్నుతో చూసుకుంటున్నాయి. వాటి బయట, నల్లటి ప్యాంటు కింద, ఎడమవైపు బ్రేస్ ముద్దగా పొడుచుకొచ్చింది.

"జడ్జీలకి నీ మోకాళ్లు కనబడవు, నీ తెలివి కనబడుతుంది," అంది సైమి. "ఇవన్నీ ఎక్కడ వేసుకుని చూశావు?"

"దుకాణంలో."

"నిలబడా, వంగా?"

పిహ్లా వంగిందల్లా నిటారుగా లేచింది.

"అందరూ అంతే. ఆడేదేమో వంగి, కొనేదేమో నిటారుగా నిలబడి. బుడిపెల మీంచి ఎవరైనా నిటారుగా దిగుతారా? నిలబడ్డప్పుడు చిప్ప మీదుండే ప్యాడు వంగేసరికి తొడ మీద ఉంటుంది. అది ఇంక కాపాడేది నీ తొడనే. దిగు."

దిగింది. ప్యాంటూ బ్రేసూ విప్పించి, సైమి బ్రేస్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. లోపలి కమ్మీ మీద దళసరి స్పాంజి ఒకటి అంటించి ఉంది.

"ఇది కంపెనీవాళ్లు పెట్టిందేనా?"

"నేను పెట్టుకున్నా. కుడి మోకాలికి కమ్మీ కొట్టుకుని కమిలిపోతోందని."

"దీనిదే ఒక వేలు మందం ఉంది." సైమి గోరుతో స్పాంజిని గీరి లాగేసింది. "మరి రెండో వేలు?"

"కమ్మీది."

"కమ్మీ అట్టంత మందం లేదు. బ్రేస్ సంగతి వదిలెయ్."

సైమి బ్రేస్‌ని బల్ల మీద పెట్టి, మేకుకి వేలాడుతున్న ఉన్ని చేతితొడుగు ఒకటి తెచ్చి పిహ్లా మోకాళ్ల మధ్య పెట్టింది. "దీన్ని నొక్కిపట్టుకుని, వంగి, ఆ తలుపుదాకా చిన్నచిన్నగా గెంతు. మెల్లగానే."

పిహ్లా గెంతింది. మూడో గెంతుకి తొడుగు కింద పడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ మూడో గెంతుకే. నాలుగుసార్లు అదే. అప్పుడు కాలికి బ్రేస్ లేదు, ప్యాడ్ లేదు, పొడవాటి లోపలి లాగు తప్ప ఏమీ లేదు.

సైమి వంగి తొడుగు తీసుకుంది.

"ఇనుము బల్ల మీదుంది," అంది సైమి. "సందు నీ దగ్గరే ఉంది."

పిహ్లా మొహం ఎర్రబడింది. "నీకేం తెలుసు? రెండేళ్లు కష్టపడ్డాను. వారానికి ఆరు రోజులు. నువ్వు డాక్టరువి కాదు, కోచ్‌వి కాదు, స్కీల మీద ఎప్పుడైనా నిలబడ్డావో లేదో."

"బడికి వాటి మీదే వెళ్లేదాన్ని. అది వదిలెయ్. నేను మెడపట్టీలు కుట్టినదాన్ని. భుజం ఒరుసుకుపోయిన రెయిన్‌డీరు, పుండు మానిపోయాక కూడా ఏడాదిపాటు బండిని ఒకపక్కకే లాగుతుంది. యజమాని వచ్చి పట్టీ మార్చమంటాడు. మారుస్తాను. మళ్లీ ఒకపక్కకే. మళ్లీ పట్టీనే తిడతాడు. దానికి భయం పోలేదని ఆయనకి చెప్పేదెవరు? దాన్ని అడిగితే అదీ పట్టీదే తప్పంటుంది."

పిహ్లా కుర్చీలో కూర్చుంది. ఫిజియో ఈ మాటే వేరే పదాల్లో, పెద్ద పదాల్లో చెప్పాడు. అప్పుడు అర్థం కానట్టు ఉండటం వీలైంది.

"రేపటికి ఏం చెయ్యగలం?" అంది చివరికి.

"బ్రేస్ తియ్యకు, డాక్టర్లతో నాకు తగువొద్దు. మిగతా సంత అంతా డిక్కీలో పడెయ్. ముందు ఈ బల్ల అంచున కూర్చుని మోకాళ్లు వంచు. లాగు మీదే కొలుస్తా. వేసుకునేది దాని మీదే కదా."

సైమి సుద్దముక్కతో వంగిన మోకాలి చిప్ప చుట్టూ గీత గీసింది. సన్నటి ఉన్నిగుడ్డని అరచేయంత కోసి, మధ్యలో చిప్ప పట్టేంత కన్నం తీసి, కుడి మోకాలి దగ్గర లాగుకి లోపలివైపు కుట్టేసింది. ఇంక ఇనుము తగిలినా కమలదు. ఎడమవైపు బ్రేస్ మీద ఏమీ వేయలేదు, కింది పట్టీలు మాత్రం మోకాలు వంచి ఉండగా బిగించింది. ఎర్రగుడ్డల్ని వంగినప్పుడు మోకాళ్లు నిజంగా ఎక్కడుంటాయో అక్కడ కుట్టింది. నిలబడితే అవి కాస్త కిందికి జారినట్టు, కొత్త బట్టల్లో పెళ్లికొడుకులా ఎబ్బెట్టుగా కనిపించాయి.

"ఇప్పుడు బయటికి నడు," అని సైమి చేతితొడుగు అందించింది.

సౌనాకి పోయే బాట మీద, బ్రేస్ వేసుకుని, మోకాళ్ల మధ్య తొడుగుతో పిహ్లా గెంతడం మొదలెట్టింది. విరిగిన మంచుబండి బాగుచేయడానికొచ్చిన పక్కింటి ఉర్హో, సుత్తి కిందపెట్టి మరీ చూశాడు.

"సైమీ, ఈ పిల్లేంటి, గుడ్డు పెట్టడానికి చోటు దొరకని కోడిలా?"

"నీ పని నువ్వు చూసుకో ఉర్హో. రెండో తొడుగు ఖాళీగానే ఉంది, నీ మోకాళ్ల మధ్య పెట్టమంటావా?"

"నా మోకాళ్లు కలిసి ఇరవయ్యేళ్లయింది. వాటికి మాటల్లేవు."

పిహ్లా ఫక్కున నవ్వింది, తొడుగు పడిపోయింది. వంగి తీసుకుంది. ఐదు గెంతులు, ఏడు, మళ్లీ నాలుగు. పడబోతున్న ప్రతిసారీ ఎడమకాలు తనంతట తాను పక్కకి తప్పుకోవడం ఇప్పుడు ఆమెకి తెలుస్తోంది. అది దెబ్బ రాకముందే తప్పుకుంటోంది. పిలవని పేరంటానికి ముందే జవాబు చెప్పే మనిషిలా. పొద్దు వాలి మంచు గులాబీరంగుకి తిరిగే వేళకి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సౌనా తలుపుదాకా తొడుగు పడకుండా వెళ్లింది.

"చాలు," అంది సైమి. "ఇంకోసారి చేస్తే పడుతుంది. పడిందే గుర్తుంటుంది. వెళ్లి నిద్రపో."

*

కొండ మీద పొద్దుటి చలి సున్నాకి కింద పద్దెనిమిది డిగ్రీలు. పైన బయల్దేరే గేటు దగ్గర అమ్మాయిలు భుజాలు తిప్పుకుంటున్నారు. దాదాపు అందరివీ సన్న నీక్యాపులే, ప్యాంట్లు కాళ్లకి నున్నగా అతుక్కుని ఉన్నాయి. కోచ్ తేరో, పిహ్లా ఎడమకాలి ముద్ద చూసి గొంతు తగ్గించాడు.

"అదే వేసుకున్నావా? నిన్న సన్నవేవో కొన్నానన్నావ్."

"డిక్కీలో ఉన్నాయి."

"ఆ ఎర్రగుడ్డలేంటి, అంత కిందికి?"

"వంగినప్పుడు చూడు."

ముందు దిగిన పంతొమ్మిదేళ్ల పిల్ల మంచి మార్కులు తెచ్చుకుంది. ఇంతవరకూ అవే ఎక్కువ. పిహ్లా పేరు పిలిచారు. గేటులో నిలబడ్డాక ఒక్క క్షణం ఆమె చెయ్యి ఎడమ మోకాలి పట్టీ దగ్గరికి వెళ్లింది. విప్పడానికా, తడుముకోవడానికా, ఆమె తరవాతెప్పుడూ చెప్పలేకపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని కర్రలు పట్టుకుంది.

మొదటి పది బుడిపెలూ ఒక గుక్కలో పోయాయి. మొదటి ఎగురుడు, వెనక్కి పల్టీ, దిగడం శుభ్రం. మధ్య వాలులో మంచు గట్టిపడి ఉంది. బుడిపెలు కాళ్లని కింద నుంచి తలుపు తట్టినట్టు తడుతున్నాయి, ఒక్కోటి ఒక్కోలా. ఎడమకాలికి పారిపోవాలని ఉంది. పిహ్లా దానితో బేరమాడలేదు. కుడి మోకాలిని తీసుకెళ్లి దానికి ఆనించింది, నొక్కింది, అలాగే ఉంచింది. లేని తొడుగు ఒకటి రెండింటి మధ్యా ఉన్నట్టే. ఇనుము ఉన్నిగుడ్డకి ఆనుకుని ఉంది, కమలలేదు. రెండో ఎగురుడు కొంచెం వంకర. దిగినప్పుడు బరువంతా ఎడమ మీదే పడింది. బ్రేస్ కిర్రుమంది, మోకాలు నిలబడింది. ఒక మలుపు చెదిరింది. తరవాతి మలుపుకి మోకాళ్లు మళ్లీ కలిశాయి. అడ్డగీత దాటింది.

కింద నిలబడి ఊపిరి తీసుకుంటూ బోర్డు వైపు చూసింది. వేగం మామూలు. ఎగురుడు మామూలు కంటే తక్కువ. మలుపుల మార్కులు, ఇంతవరకూ దిగినవాళ్లందరిలోనూ ఎక్కువ. అన్నీ కలిపితే ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల కంటే అర మార్కు కూడా తేడా లేదు. కానీ పిహ్లాయే పైన ఉంది. పిహ్లా తరవాత దిగాల్సిన ఇద్దరూ దిగారు, ఒకామె పడింది, ఒకామె వెనకబడింది. ఆఖరి స్థానం పిహ్లాది. తేరో పరిగెత్తుకొచ్చి మంచులో జారి, ఆమె కాళ్ల దగ్గరే కూలబడ్డాడు. లేవకుండా అక్కడ్నుంచే చేతులెత్తాడు.

కంచె అవతల, జనంలో, ఉన్నిటోపీ పెట్టుకుని సైమి నిలబడి ఉంది. వస్తానని నిన్న అనలేదు. పిహ్లా స్కీలు విప్పి పడేసి కంచె దగ్గరికి పరిగెత్తింది.

"చూశావా? పైనుంచి చూశావా? సందు కనిపించిందా?"

"ఒకచోట. రెండోసారి ఎగిరాక."

"అదొక్కటేనా?"

"అదొక్కటే."

"నేను దిగుతుంటే, సైమీ, అది పారిపోదామనుకుంది, నిజంగా, నాకు తెలిసింది, అప్పుడు నేను కుడిదాన్ని..."

"కదలకు," అంది సైమి. ఆవిడ కళ్లు పిహ్లా మొహం మీద లేవు. "దారం వేలాడుతోంది."

కంచె కింద నుంచి వంగి, మంచులో ఒక మోకాలు ఆనించి, ఎర్రగుడ్డ అంచున వేలాడుతున్న దారాన్ని పళ్లతో కొరికి తెంపింది. కుట్టు మీద బొటనవేలితో రెండుసార్లు రుద్ది చూసుకుంది. కంచె పట్టుకుని లేచి, లంగాకి అంటిన మంచు దులుపుకుంది.

"మళ్లీ పోటీ వచ్చే నెల స్వీడన్లో," అంటోంది పిహ్లా. "అప్పటికి ఎడమవైపు పట్టీ కూడా నువ్వే ఒకసారి చూడాలి. ఇవాళ సాయంత్రం రానా? కాఫీలోకి తియ్యటి పుల్లా రొట్టె నేను తెస్తా. ఉర్హోని కూడా పిలుద్దాం..."

తేరో ఎవరినో తీసుకొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఫోటో తియ్యాలట. పిహ్లా ఒక్క క్షణం అటు తిరిగి నవ్వింది. మళ్లీ ఇటు తిరిగేసరికి కంచె దగ్గర ఎవరూ లేరు. బస్సు ఆగే చోటుకి పోయే దారిలో, కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డ జనం మధ్యలోంచి, ఉన్నిటోపీ ఒకటి తిన్నగా, తొందర లేకుండా, వెనక్కి తిరక్కుండా పోతోంది.